రాగ్నా దిద్దిన పేజీ

రాగ్నా ట్వైట్ నార్వే రచయిత్రి. ఎనిమిది నవలలు రాసింది. ముప్పై ఏళ్లు ఓస్లోలో ఒక పత్రికకి పుస్తక సమీక్షలు రాసింది. ఎనభై రెండేళ్ల వయసులో ఇప్పుడు ఐర్లండ్‌లోని నేస్‌లో, చనిపోయిన ఐరిష్ భర్త ఇంట్లో ఉంటోంది. ఆమెను చూసుకునే కేరర్ జెమీమా, ఇండియా నుంచి వచ్చింది.

రోజూ మధ్యాహ్నం రాగ్నా తను రాసిన పేజీని జెమీమాకి ఇంగ్లీషులో చెప్పి వినిపిస్తుంది. విన్నవాళ్లు బాగుందనకూడదు. ఎక్కడ అబద్ధముందో చెప్పాలి. సమీక్షలు రాసిన రోజుల అలవాటు.

నిన్నటి పేజీలో కిల్కెన్నీలోని ఒక నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడ ఒక భారతీయ కేరర్ డ్యూటీలో నిద్రపోతుంది. ముసలాయన మంచం మీంచి పడతాడు. ఆ చప్పుడుకి ఆమె లేస్తుంది.

అది జెమీమా సంగతే, ఈ ఇంటికి రాకముందుది. ఒకరోజు తనే నోరుజారి చెప్పింది. రిపోర్టులో మాత్రం పక్క గదిలో ఉన్నానని రాసిచ్చింది. ఆ పేజీ అచ్చయితే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఈ దేశంలో పనిచేసే పర్మిట్టూ. నాలుగింటికి కొరియర్ వచ్చి రాతప్రతిని ప్రచురణకర్తకి తీసుకెళ్తాడు.

మూడున్నరకి భర్త టైటస్ ఫోన్ చేశాడు.

“అడిగావా?”

“ఇంకా లేదయ్యా.”

“ఇంకెప్పుడు? వాడొచ్చి డోర్ కొట్టాకా?”

జెమీమా ఫోన్ పెట్టేసి గదిలోకి వెళ్లింది.

“మేడం, నిన్నటి పేజీ తీసేయండి.”

“మేడం కాదు, రాగ్నా. బతిమాలితే నేను ఏ రచయిత మాటా వినలేదు. అబద్ధం ఎక్కడుందో చెప్పు.”

జెమీమా గడియారం చూసింది.

“ఆమె చప్పుడుకి లేవలేదు. ఇంకో కేరర్ వచ్చి కుదిపితే లేచింది.”

“ఎంతసేపటికి?”

“ఇరవై నిమిషాలకి.”

రాగ్నా పెన్సిల్ తీసి దిద్దింది. మందలించలేదు, ఓదార్చలేదు. తీయించబోయిన పేజీకి తనే సాక్ష్యం చెప్పానని జెమీమాకి అప్పుడు తెలిసింది.

“ఆయన బతికాడా?”

“తుంటి విరిగింది. మూడు నెలలు నేనే పట్టుకుని నడిపించాను.”

“అదీ రాస్తాను.”

“రాసుకోండి. కిల్కెన్నీ మాత్రం తీసేయండి.”

“ఊరు లేకపోతే కథ నిలబడదు.”

“ఇది పడిపోయినా మీకు ఇంకో ఎనిమిదున్నాయి, మేడం. నాకున్నది ఒక్క ఉద్యోగం.”

బయట వ్యాన్ ఆగింది. బెల్ మోగింది. జెమీమా కదల్లేదు.

రాగ్నా కిల్కెన్నీ కొట్టేసింది. ‘భారతీయ’ అన్న మాట కూడా కొట్టేసింది. పైన ఇంకో ఊరి పేరు రాసి పేజీ చేతికిచ్చింది.

“నేను పుట్టిన ఊరు,” అంది. “ఆ ఊరివాళ్లకి నా మీద ఎలాగూ కోపమే. వెళ్లు, తలుపు తియ్యి.”