ఎడమకు వంగిన మెరుపు

ఆ ప్రయోగశాలలో ఆవిడ చెయ్యి పడనిదే హై ఓల్టేజి యంత్రం మీట కదలదు. అందుకే అందరూ ఆవిడను స్విచ్చక్క అంటారు. కరెంటు స్తంభాల మీద బిగించే పింగాణీ గిన్నెలను లక్షల వోల్టులతో పరీక్షించడం, పని అయ్యాక పొడవాటి ఎర్తు కర్రతో యంత్రాన్ని తాకి మిగిలిన కరెంటును నేలలోకి దింపడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్లలో ఆ యంత్రంలోంచి దూకే మెరుపులు వేలు చూసింది. ఏ రెండూ ఒకే దారిన పోలేదు. మీట నొక్కేముందు, ఈసారి ఎటు వంకర తిరుగుతుందోనని మనసులో పందెం కాసుకునేది. దాదాపు ప్రతిసారీ ఓడిపోయేది.

అలాంటి చోటికి కొత్త లేజరుతో ఒక శాస్త్రవేత్త వచ్చాడు, అందరికీ లేజరు సారు. పట్టుమని ముప్పై ఏళ్లు లేవు. వచ్చిన రోజే, "మెరుపుని గీత గీసినట్టు నడిపిస్తాను అక్కా," అన్నాడు.

"అది చెబితే వినే రకం కాదు సారూ."

"మనం చెప్పం. దారి వేసి ఊరుకుంటాం."

మీటరు దూరంలో రెండు ఇత్తడి గుండ్లు నిలబెట్టారు. లేజరు వెలుగు ఒక గుండును రాసుకుంటూ రెండోదాని దాకా పోయేలా అద్దాలు సర్దాడు సారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గాజు గోడ ఇవతల నుంచి స్విచ్చక్క మీట నొక్కింది. చెవులు దిమ్మెత్తేలా చప్పుడు. మెరుపు మాత్రం లాగి కట్టిన దారంలా తిన్నగా ఉంది. ఆవిడకు నమ్మబుద్ధి కాలేదు. మరో తొమ్మిదిసార్లు నొక్కింది. తొమ్మిదీ తిన్నగానే పోయాయి.

"గాలిని ఏం చేశారు సారూ?"

"కనురెప్ప పాటుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్క సేపు వెలుగుతుంది ఈ లేజరు. సెకనుకి వెయ్యిసార్లు. వెలుగు పోయినచోట గాలి వేడెక్కి పక్కకి జరుగుతుంది, సన్నటి గొట్టంలా పలచబడుతుంది. కరెంటుకి పలచటి గాలిలో పోవడమే సుఖం."

ఆ సంబరం మధ్యాహ్నం రెండింటి దాకానే నిలిచింది. ఆ తర్వాత మెరుపు వంకర పోవడం మొదలుపెట్టింది. మర్నాడూ అంతే. పొద్దున బుద్ధిగా ఉండేది, రెండు దాటితే మొండికేసేది. నాలుగు రోజులు సారు అద్దాలు తుడిచాడు, తిప్పాడు, మళ్లీ తుడిచాడు. చివరికి నసుగుతూ, "మధ్యాహ్నం మీ యంత్రంలో ఏమైనా తేడా వస్తోందేమో చూస్తారా అక్కా?" అన్నాడు.

ఆవిడకు చురుక్కుమంది. అయినా మాట తూలకుండా మీటర్లన్నీ చూసింది. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. ఊరుకోబుద్ధి కాక, ప్రతి మెరుపుకూ కెమెరా తీసిన ఫొటోలన్నీ బల్ల మీద పరిచింది. అప్పుడు తట్టింది. వంకర పోయిన ప్రతి మెరుపూ ఎడమకే పోయింది.

"ఇష్టం వచ్చినట్టు తిరిగేదైతే కుడికీ పోవాలిగా సారూ. దీన్ని ఎవరో లాగుతున్నారు."

రెండు దాటాక లేజరు ఆపించి, యంత్రానికి ఎర్తు కర్ర తగిలించి, పుల్లకు పలచటి కాగితం ముక్క అతికించుకుని గుండ్ల మధ్యకు వెళ్లింది. కాగితం మెల్లగా ఎడమకు వాలింది. అది చూపిన వైపే నడుచుకుంటూ పోతే గోడ మొదట్లో, పాత కేబుళ్ల కోసం కొట్టిన బెజ్జం కనిపించింది. అవతల వర్క్‌షాపు. అక్కడ వెల్డింగు చేసేది ఆవిడ సొంత తమ్ముడే.

"ఏరా, రెండింటికి ఏం వేస్తావు నువ్వు?"

"వెల్డింగు మొదలెడతాను. పొగని బయటికి లాగడానికి పెద్ద ఫ్యాను వేస్తాను. ఏం?"

"నీ ఫ్యాను మా దారిని ఎత్తుకుపోతోందిరా."

"పొద్దున్నించీ ఎండలో తిరిగావా అక్కా? గోడకి ఇవతల నా ఫ్యానేంటి, మీ దారేంటి?"

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గాజు గోడ దగ్గర నిలబెట్టింది. ఫ్యాను తిరుగుతుంటే మెరుపు ఎడమకు వంగింది. తమ్ముడు వెళ్లి కట్టేసి వచ్చాడు. తిన్నగా పోయింది. నమ్మకం కుదరక మళ్లీ వేసి వచ్చాడు, మళ్లీ కట్టేశాడు. నాలుగోసారికి రొప్పుతూ, "ఇదేదో బాగుందే," అన్నాడు.

సారు తల గోక్కున్నాడు. "ఫ్యాను బెజ్జంలోంచి లాగే గాలికి దారి పక్కకి కొట్టుకుపోతోందన్నమాట. నేను నాలుగు రోజులు అద్దాలతో కుస్తీ పట్టాను. మీ యంత్రాన్ని అన్నందుకు ఏమనుకోకండి అక్కా."

"అనుకున్నాను లెండి. ఇప్పుడు పోయింది," అంది ఆవిడ. బెజ్జం మూయడానికి లప్పం కలపబోయి ఆగింది. "మూసేస్తే హాల్లో సరే. బయట వాడాలంటే గాలిని ఎవరు ఆపుతారు సారూ? ఎంత గాలికి దారి చెడుతుందో ముందు చూడొద్దా?"

సారు ఆవిడ వంక చూసి, లప్పం డబ్బాకు మూత పెట్టేశాడు.

ఆ వారమంతా అదే పని. తమ్ముడు ఫ్యానుకు రెగ్యులేటరు బిగించాడు. అతను గోడ అవతల నుంచి "రెండు పెట్టాను" అని అరవడం, ఆవిడ మీట నొక్కడం, సారు రాసుకోవడం. రెండో మెట్టు దాకా దారి నిలిచింది. మూడులో చెదిరింది. లేజరు బలం పెంచితే మూడు కూడా తట్టుకుంది. నాలుగుకు మాత్రం లొంగలేదు.

శనివారం బస్సు కోసం నిలబడినప్పుడు తమ్ముడు అడిగాడు, "అయితే అక్కా, ఆకాశంలో పిడుగుని కూడా ఇలాగే మనకి కావలసిన చోటికి దింపొచ్చా?"

"నేనూ సారుని అదే అడిగాను. మేఘం దాకా దారి వెయ్యాలంటే పెద్ద లేజరు కావాలట, కొండ మీద పెట్టాలట."

"మరి వాన పడితే?"

బస్సు వచ్చి ఆగింది. "పద," అంటూ ఆవిడ ఎక్కింది గానీ, సీట్లో కూర్చోగానే సంచీలోంచి పెన్ను తీసి, టికెట్టు వెనక ఆ ప్రశ్న రాసుకుంది.