అన్న గొంతు ఉన్న ఫోను

వదిన ఫోనును చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది. రిపేరు కొట్లో బల్ల మీద పెట్టి రుమాలు విప్పి, కస్టమర్లు కూర్చునే ఎత్తు స్టూలు మీద కూర్చుంది. లోపలికొచ్చి కూర్చోమని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. లోపలున్న రెండో కుర్చీ అన్న కూర్చునేది. ఆమె కదల్లేదు. అతను మళ్లీ అనలేదు.

తమ్ముడంటే కుర్రవాడు కాదు. యాభై దాటాయి. కళ్లజోడు మీద ఇంకో భూతద్దం తగిలించుకుంటే గానీ స్క్రూ కనపడదు. అయినా వీధంతా అతన్ని చిన్నా అనే పిలుస్తుంది, అన్న అలా పిలిచేవాడు కాబట్టి. ఫోన్ల పని నేర్పింది అన్నే. పోయిన చలికాలం దాకా ఇద్దరూ పక్కపక్క బల్లల దగ్గరే కూర్చున్నారు. ఇప్పుడు ఒక బల్ల మీద పని జరుగుతోంది, రెండో బల్ల మీద దుమ్ము తుడవడం జరుగుతోంది.

ఫోను ఆన్ కావడం లేదని వదిన చెప్పింది. ఏదో అప్‌డేట్ ఉంది చెయ్యమంటారా అని అది అడిగిందట. మర్యాదగా అడుగుతోంది కదా అని సరే నొక్కిందట. సగంలో కరెంటు పోయింది. పాత బ్యాటరీ తట్టుకోలేక చేతులెత్తేసింది. అప్పట్నుంచి కంపెనీ గుర్తు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. అంతకు మించి ముందుకు పోదు.

"మీ అన్న అయితే అడగ్గానే సరే అనేవారు కాదు," అంది. "ఏదడిగినా చూద్దాం అనేవారు. ఆ బుద్ధి నాకు రాలేదు."

ఆ ఫోన్లో ఏముందో తమ్ముడికి తెలుసు. అన్న గొంతులో పుండు లేచినప్పుడు, ఆపరేషన్ చేస్తే మనిషి నిలబడొచ్చు గానీ మాట నిలబడదని డాక్టరు చెప్పాడు. అన్న ఇంటికొచ్చి, రోజూ అవసరమయ్యే మాటలన్నీ ఒక్కొక్కటిగా తన గొంతుతోనే రికార్డు చేసుకుని, తెర మీద గడులుగా పేర్చుకున్నాడు. గడి నొక్కితే మాట వస్తుంది. 'ఉప్పు తక్కువైంది.' 'ఫ్యాను కాస్త తగ్గించు.' 'ఎవరో తలుపు కొడుతున్నారు.' 'నేనెప్పుడన్నాను?' ఈ చివరి గడి అరిగిపోయేలా వాడాడని వదిన ఫిర్యాదు. ఆపరేషన్ తర్వాత అన్న బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో పోట్లాటలూ రాజీలూ ఆ గడుల మీదే నడిచాయి. మాట పోయిన మనిషి మీద ఇకనైనా గెలవచ్చనుకుంటే, వేలికి నాలుక కన్నా ఓపిక ఎక్కువని తెలిసిందని ఆమె అందరితోనూ చెప్పేది. పక్కనే కూర్చుని అన్న తల ఊపేవాడు.

ఆయన పోయాక ఆమె ఫోనుకు రోజూ చార్జింగు పెట్టింది. గడులు మాత్రం ఒక్కసారీ నొక్కలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చన్న ధీమా చాలింది. ఆ రికార్డింగులకు కాపీ ఎక్కడా లేదు. ఫోన్లు బాగుచేసేవాళ్ల ఇంట్లో ఫోను పోతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

"ఆయన మాటలు దొరుకుతాయా చిన్నా? మిగతావి ఏం పోయినా పర్లేదు."

దొరుకుతాయనీ అనలేదు, దొరకవనీ అనలేదు అతను. చేయబోయేది మాత్రం చెప్పాడు. ఫోనును నడిపించే సాఫ్ట్‌వేర్ విరిగింది. రికార్డింగులు ఉన్నచోటు వేరు. ఆ చోటుకి తాళం వేసి ఉంటుంది, ఫోను లేచి నిలబడితేనే ఆ తాళం తెరుచుకుంటుంది. కాబట్టి కంప్యూటరుకు తగిలించి, ఫ్లాష్ టూలు అనే ప్రోగ్రాముతో సాఫ్ట్‌వేర్ వరకే కొత్తది ఎక్కించి, మిగతా చోటు ముట్టుకోకుండా వదిలెయ్యాలి. వదిన శ్రద్ధగా విని, పాత బట్టకు పట్టీ మార్చడం లాంటిదన్నమాట అంది. ఆమె ఇంట్లో మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. అలాంటిదేనన్నాడు.

టూలు తెరిచాడు. ముందు చిప్‌సెట్, అంటే ఫోను మెదడు, ఏదని అది అడుగుతుంది, తర్వాత స్టోరేజ్ ఏ రకమని. ఆ ఫోనుతో చిక్కేమిటంటే, కంపెనీ ఒకే పేరుతో దాన్ని రెండు రకాలుగా అమ్మింది. పైకి తేడా ఉండదు, లోపల చిప్‌సెట్ వేరు. ఇలాంటివి వచ్చినప్పుడు వెనక మూత విప్పి, బోర్డు మీద నంబరు చదివాకే టూలులో ఎంచుకోవాలన్నది అన్న పట్టుదల. అట్టపెట్టె మీద రాసింది నమ్మనిచ్చేవాడు కాదు, కస్టమరు ఒట్టేసి చెప్పింది అసలే నమ్మనిచ్చేవాడు కాదు. తమ్ముడు ఇన్నేళ్లలో ఆ పద్ధతి తప్పలేదు.

ఈ ఒక్క ఫోను దగ్గర తప్పాడు. దాన్ని కొన్నప్పుడు అన్న పక్కన తనే ఉన్నాడు. అది మొదటి రకమని తెలుసు. అదొక్కటే కారణం కాదు. మూత అంచున జిగురు నూలుపోగంత సన్నగా, ఎక్కడా పొంగకుండా నడిచింది. అలా పెట్టడం అన్నకే చేతనవును. విప్పితే అది తెగుతుంది. తను మళ్లీ అతికించగలడు, కానీ అప్పుడది తన చెయ్యి అవుతుంది.

విప్పలేదు. తెలిసిన రకాన్నే ఎంచుకుని, ఫోను బటన్లు నొక్కిపట్టి తీగ తగిలించాడు.

పని ఎంతయిందో చూపే గీత కదలడం మొదలుపెట్టిన చోటే ఆగింది. కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి. మీరు చెప్పిన చిప్‌సెట్ ఇది కాదు అని వాటి అర్థం. తమ్ముడు నమ్మలేదు. ఎంచుకున్నది సరిగ్గానే ఉందా అని తెర మీద పై వరస మళ్లీ చదివాడు, ఉంది. రెండో వరసా చదివాడు. మూడో వరస దగ్గర అతని చెయ్యి మౌసు మీంచి లేచిపోయింది.

పొద్దున ఒకావిడ, తాళం మరిచిపోయిన ఫోను తెచ్చి, అందులో ఉన్నదంతా పోయినా ఫర్వాలేదంది. ఆ పనికి పెట్టిన సెట్టింగ్ అలాగే ఉంది. అంతా తుడిచి కొత్తగా రాయమని.

"ఏమైంది?" అంది వదిన.

"ఇప్పుడే పోయి ఉండేవి వదినా."

"ఏవి?"

"అన్నీ. చిప్‌సెట్ తప్పు పెట్టాను కాబట్టి అది ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే మొత్తం తుడిచేసేది. తుడవమని కింద ఉంది. నేను చూసుకోలేదు."

ఆమె చేతిరుమాలు తీసి మడతపెట్టింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు. బయట ఎవరో సైకిలు స్టాండు వేశారు. ఒకతను లోపలికి తొంగిచూసి, బకెట్లో పడిన ఫోను ఎత్తి చూపించాడు. ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఆన్ చెయ్యకుండా అలాగే తుడిచి రేపు తెమ్మని తమ్ముడు చెప్పాడు. ఈ కొట్లో ఎప్పుడూ రేపేనని గొణుక్కుంటూ అతను పోయాడు.

"తప్పెలా అయింది?" అంది వదిన. "కొన్నప్పుడు నువ్వూ ఉన్నావుగా?"

"అదే అంతుపట్టడం లేదు."

అప్పుడామెకు గుర్తొచ్చింది. ఆపరేషనుకు ముందు వారం ఆయన భోజనాల బల్ల మీద ఈ ఫోను విప్పుకుని కూర్చున్నాడు. అంతకుముందు రెండ్రోజులు ఒకే మాట పదేపదే రికార్డు చేసి, విని, మొహం చిట్లించి తుడిచేశాడు. గరగర వస్తోందన్నాడు. వంటింట్లోంచి ఆమె, గరగర ఫోనుది కాదు, మీ గొంతుదేనంది. ఆ మాట అన్నాక తన నాలుక కరుచుకోవాలనిపించింది గానీ ఆయన నవ్వాడు. గొంతు గరగర నాకు తెలుసు, ఇది వేరే అన్నాడు. సాయంత్రం సంచీలోంచి ఏదో ఆకుపచ్చ ముక్క తీసి లోపల పెట్టి బిగించాడు. అదేమిటని ఆమె అడగలేదు. పళ్లాలు పెట్టుకోవడానికి బల్ల ఖాళీ చెయ్యమని మాత్రం అడిగింది.

తమ్ముడు వేడిగాలి గొట్టం తీసుకుని మూత అంచు చుట్టూ తిప్పాడు. జిగురు మెత్తబడింది. పల్చటి రేకు దూర్చి మెల్లగా లాగుతుంటే ఆ పోగు ఒక్కో చోట తెగుతూ వచ్చింది. వదిన అటు చూడలేదు. మూత లేచింది.

బోర్డు రెండో రకానిది. పాత బోర్డు మైకు చెడిపోయి ఉంటుంది. దాన్ని అతుకులేసి సర్దుకోవడం ఇష్టం లేక అన్న బోర్డే మార్చేశాడు. మైకు చుట్టూ సన్నటి స్పాంజి ముక్క కత్తిరించి పెట్టాడు, గాలి చప్పుడు పడకుండా. కస్టమర్ల ఫోన్లకు అంత శ్రమ ఎవరూ పడరు. మాట్లాడ్డానికి మిగిలింది ఒక్క వారం. అందులో రెండ్రోజులు ఆయన తన గొంతును ఎక్కడ దాచాలా అని వెతుక్కోవడానికి ఖర్చుపెట్టాడు. పక్క బల్ల దగ్గరున్న తమ్ముడికి ఒక్క మాట చెప్పలేదు. చెబితే తమ్ముడు ఆ పని తన చేతుల్లోకి లాక్కునేవాడు. అది అన్నకు తెలుసు.

తమ్ముడు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. రెండో రకం చిప్‌సెట్ ఎంచుకున్నాడు. స్టోరేజ్ రకం మార్చాడు. ఆ రకానికి సరిపడే సాఫ్ట్‌వేర్ వెతికి తెచ్చాడు. మూడో వరసలో తుడిచే సెట్టింగ్ తీసేసి, సాఫ్ట్‌వేర్ వరకే రాయమని పెట్టాడు. రికార్డింగులున్న చోటుకి ఎదురుగా టిక్కు లేదని పైకి చదివాడు, వదినకు వినపడేలా. వేలు పెట్టి చూపించాడు. ఆమె స్టూలు దిగి వచ్చి, వంగి, తనూ చూసింది. లేదంది.

అన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా అతను నొక్కడం లేదు.

"నువ్వు నొక్కుతావా, మీ అన్నను పిలవమంటావా?" అంది వదిన.

ముప్పై ఏళ్లుగా అతన్ని వేళాకోళం చేసే మాట అది. మూత రాని డబ్బా దగ్గర, ఎక్కని బల్బు దగ్గర, ఎన్నిసార్లు అందో. అలవాటు కొద్దీ వచ్చేసింది. ఆమె రెండో కుర్చీ వైపు చూసింది. తర్వాత అతను నొక్కాడు.

గీత ఈసారి ఆగలేదు. చివరిదాకా వెళ్లి పచ్చగా మారింది. తీగ పీకి, పక్క బటను పట్టుకున్నాడు. కంపెనీ గుర్తు వెలిగింది. ఆరలేదు. వెలిగే ఉంది, ఎంతకీ కదలకుండా. మొదటిసారి లేచేటప్పుడు ఆలస్యమవుతుందని అతను ఎంతమందికి చెప్పి ఉంటాడో, ఇప్పుడు తనకు తాను చెప్పుకున్నాడు. చివరికి తాళం గుర్తు వచ్చింది. వదిన తాళం గీసింది. తెర నిండా గడులు.

కాపీ తీసేదాకా ఆగమని చెప్పాలనుకున్నాడు. బ్యాటరీని నమ్మడానికి లేదు. కాపీ తీసే తీగ చేతిలోనే ఉంది. చెప్పలేకపోయాడు.

ఆమె వేలు గడుల మీద తిరిగింది. ఉప్పు దగ్గర ఆగలేదు, ఫ్యాను దగ్గర ఆగలేదు. కింది వరసలో ఒకదాని మీద ఆగి, నొక్కింది.

"ఇంకా ఎంతసేపు?"

అన్న గొంతు. వెనక గరగర లేదు. కాస్త విసుగు, ఆ విసుగు వెనక ఆకలి. రాత్రి భోజనానికి కూర్చుని, ఆమె మిషను చప్పుడు ఆగేదాకా అన్నం కలపకుండా ఎదురుచూసే మనిషి గొంతు.

"అయిపోయింది. వస్తున్నా," అంది వదిన తల ఎత్తకుండానే.

అనేశాక చెయ్యి గాల్లోనే ఆగింది. తమ్ముడు తీగను బల్ల మీద పెట్టేసి, పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఆమె మళ్లీ నొక్కింది. ఈసారి జవాబు చెప్పలేదు. వింది.