గాటు లేని ముఖం

మొగుడు లూయిస్ పోయాక ఫిలోమినాకు మిగిలింది ఒక్క బొమ్మ. వరద కనకాలపేట ఇళ్లలోకి వచ్చినప్పుడు పెళ్లి ఫొటోలన్నీ బురదపాలయ్యాయి. ఓటరు కార్డు మీదున్నది నల్లటి మరక, అందులో కళ్లెక్కడో వెతుక్కోవాలి. అటక మీదున్న పాత క్యాలెండరు కాగితం మాత్రం తడిసినా దక్కింది. దాని వెనక లూయిస్ అద్దంలో చూసుకుంటూ పెన్సిలుతో తన ముఖం తనే గీసుకున్నాడు, కనుబొమను చీల్చిన గాటుతో సహా. చిన్నప్పుడు నావ అంచు కోసిన గాటు అది. అద్దంలో చూసి గీశాడు కనుక మనిషికి ఒకవైపున్నది కాగితం మీద రెండోవైపు పడింది. ఆ మాట చెప్పి నవ్వేవాడు, వెటకారం మనిషి.

రొయ్యల చెరువు మీద మోటారు షాకు కొట్టి పోయాడు. సమాధుల పండుగ నాటికి రాతి మీద అతని ముఖం ఉండాలని ఫిలోమినా పంతం పట్టింది. లేకపోతే ఇంకో నాలుగేళ్లకు ఆ మనిషి ఎలా ఉండేవాడో చెప్పే ఆధారమే ఉండదని ఆవిడ భయం.

కంప్యూటరు షాపు నాగసాయి బొమ్మ చూసి పెదవి విరిచాడు. రాయి చెక్కే మిషనుకు ఇలా చుక్కలు చుక్కలుగా ఉన్నది పనికిరాదట, తెగకుండా సాగే గీత కావాలట. తెర మీద బొమ్మను పెద్దది చేసి, దానిపైన కొత్తగా గీత గీసి ఇస్తానన్నాడు. కాగితం జాగ్రత్త తమ్ముడూ అని మరీ మరీ చెప్పి, ఫిలోమినా రొయ్యల షెడ్డులో పనికి పోయింది.

నాగసాయి చెడ్డవాడు కాదు. శుభ్రం ఎక్కువ, అంతే. ఖర్మ!

రాయి వచ్చింది. చూసినవాళ్లందరూ సినిమా హీరోలా ఉన్నాడన్నారు. ముక్కు నిటారుగా ఉంది, చెవులు రెండూ సమానంగా ఉన్నాయి, కనుబొమలు నిండుగా ఉన్నాయి. గాటు లేదు. ఫిలోమినా ఆ కాళ్లతోనే షాపుకు పరిగెత్తింది.

"మడత అనుకున్నానక్కా. వరదనీళ్ల మరకల్తోపాటు అదీ తుడిచేసేను," అన్నాడు నాగసాయి.

కాగితం ఏదని అడిగితే తల దించాడు. ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతోందని చెత్తలో వేశాడట. కంప్యూటరులోకి ఎక్కించిన మొదటి బొమ్మ? మంచి గీత వచ్చేశాక దాంతో పనేముందని అదీ తీసేశాడట. ఫిలోమినా నోటికొచ్చినట్టు తిట్టింది. పడ్డాడు పాపం. ఆఖరికి, చిన్న గీతే కదా, పండుగ రోజు రాళ్లపనివాణ్ని ఉలితో పంపుతానని ఒప్పుకున్నాడు.

పండుగనాడు సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగాయి. రాళ్లపని చేసే పెదబాబు ఉలి పట్టుకుని రాతి ముందు కూర్చున్నాడు.

"ఏవైపమ్మా?"

ఫిలోమినా వేలు ఎత్తింది. ఎడమ కనుబొమ మీద పెట్టింది. అక్కణ్నుంచి కుడివైపుకు జరిపింది. మనిషి మీద ఒకవైపు, కాగితం మీద ఇంకోవైపు. ఇందులో ఏది మనిషి, ఏది కాగితం? పక్కనున్న అత్తగారు తెరేసా ముందు కుడి అంది, తర్వాత కాదు కాదు ఎడమ అంది, ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఫిలోమినా కళ్లు మూసుకుని మొగుణ్ని గుర్తుచేసుకుంది. వచ్చాడు. ముక్కు నిటారుగా, చెవులు సమానంగా, కనుబొమలు నిండుగా వచ్చాడు.

"ఏవైపూ వద్దులే పెదబాబూ, లేచి వెళ్లిపో," అంది.