మిస్డ్ కాల్‌లో దొరికిన నంబరు

"నీకు రక్తం తొమ్మిదే ఉన్నదట గదా?" అన్నాడు మా ఆయన మల్లేష్, నేనింకా చెప్పులు విప్పకముందే. ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్‌లో నా రక్తపరీక్ష ఫలితం కంప్యూటర్‌లో ఎక్కించగానే ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చేస్తుంది. నా ఒంట్లో రక్తమెంతుందో నాకన్నా ముందు మా అత్తకు తెలుస్తుంది. "చీమ చిటుక్కుమన్నా మావోనికి తెలుస్తది" అని ఆవిడ మురిసిపోతుంది. నారాయణపేట చీర నేసేది ఆయన, పొద్దున్నుంచీ నూలు కండెలు చుట్టి అందించేది నేను. ఎవరైనా అడిగితే మాత్రం "ఏం చెయ్యదు, ఇంట్లనే ఉంటది" అంటాడు.

చిన్నదానికి పది నెలలైనా నిండలేదు, అత్త మూడో కాన్పు మాటెత్తింది. ఈసారి మగపిల్లాడేనట! నాకు రెండేళ్ళ ఎడం కావాలి. కాన్పు రాకుండా మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ ఉందని తెలుసు. వేయించుకుంటే మెసేజ్ పోతుందనీ తెలుసు. అందుకే రెండుసార్లు సబ్‌సెంటర్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

మూడోసారి తెగించి లోపలికి వెళ్ళాను. నర్సు శ్యామలమ్మ వివరాలు నింపుతూ, "ఫోన్ నంబర్ చెప్పు స్వర్ణా" అంది. గడగడా చెప్పేశాను.

"గిది ఎవరిది?"

"మా ఆయనది."

"ఇంజెక్షన్ ఆయనకేస్తున్ననా?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకో ఫోనుంది గానీ దాని నంబరు నాకే తెలియదు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు.

"ఫికర్ చెయ్యకు. నాకో మిస్డ్ కాల్ ఇయ్యి" అంది. ఆమె ఫోన్‌లో నా నంబరు వెలిగింది. పాతది కొట్టేసి అదే ఎక్కించింది. "ఎవరి వివరాలు వాళ్లనడిగే రాయాలని చట్టమొచ్చిందట, మొన్న మీటింగుల చెప్పిన్రు. ఇన్నేండ్లు నేను గూడ అలవాటుకొద్ది మొగోల్ల నంబర్లే రాసిన బిడ్డా. నా తప్పే."

నాకన్నా పెద్దవాళ్ళొకరు నా ముందు తప్పొప్పుకోవడం అదే మొదటిసారి. ఆ తల్లి చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది. సూది ఎప్పుడు దిగిందో కూడా తెలియలేదు. నా ఫోన్ మోగింది. నా కబురు, నాకే వచ్చింది.

"మరి ఇంట్ల చెప్తవా?" అంది, దూది ఒత్తి పట్టుకోమంటూ.

చెబితే గొడవే. అయినా ఆయన దగ్గర ఎప్పటికీ దాచాలని నాకు లేదు.

"చెప్తనమ్మా" అన్నాను. "నేను చెప్పాలనుకున్న రోజు."