పదకొండో బస్తా

జూలై పద్నాలుగు, మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి కోడలు దాచిన బస్తా మూతి విప్పి తొక్కల్ని తొట్టిలో పోసింది.

రోజూ చేసే పనే. పక్క షెడ్డులో దానిమ్మపళ్ళు ఒలిచి రసం తీస్తారు. తొక్కలు ఎండబెట్టి, నలగ్గొట్టి ఇటు పంపుతారు. అరవై డిగ్రీల నీళ్ళలో నానితే వాటి వగరంతా దిగుతుంది. వడకట్టి, చిక్కబరిచి, ఆరబెడితే పొడి. మందులవాళ్ళూ రంగులవాళ్ళూ కొనుక్కుపోతారు. వేడి అరవై దాటిందా, సారం మాడిపోతుంది. దాంతోపాటు మాటలూ మాడిపోతాయి.

ఒలిచిన పూట చుట్టూ ఎవరేం మాట్లాడినా తొక్క పీల్చుకుంటుంది మరి. వగరుతోపాటు అవీ నీళ్ళలోకి దిగి వినిపిస్తాయి, ఒక్కసారే. తొట్టి దగ్గరివాళ్ళకు అందరిళ్ళ తగువులూ కంఠతా వచ్చు. "మా ఆయన గురక గొడవ కూడా పొడిచేసి అమ్ముకుంటున్నారే," అని ఒలిచే ఆడవాళ్ళు నవ్వేవారు. అందరికన్నా గట్టిగా నవ్వేది ఆడపడుచు.

ఆ పిల్ల పోయి నలభై మూడు రోజులు.

రసం తీసే మరలోకి దిగి కడిగినవాళ్ళు, బయటికొచ్చాక ఇనపపళ్ళేన్ని రెండుసార్లు కొట్టాలి. గోడకవతలి మనిషి అది విని మర తిప్పే మీట నొక్కాలి. ఆ రోజు లోపలికి దిగింది ఆ పిల్ల, అవతల ఉన్నది ఆమె సొంత అన్న, కోడలి భర్త. రెండు దెబ్బలూ విన్నానన్నాడు. అసలు చప్పుడే కాలేదని సూపర్‌వైజర్ రాసిచ్చాడు. మిగతావాళ్ళంతా అప్పటికే భోజనాలకు వెళ్ళారు.

అత్తగారు ఎవరి సాక్ష్యమూ అడగలేదు. కొడుకు మొహం చూడటం మానేసింది, వడ్డించడం మానేసింది. "చెల్లెల్ని పొట్టన పెట్టుకున్నవాడికి నేనెలా పెట్టనే?" అంది కోడలితో, ఒక్కసారే, మెల్లగా. అతను ముందు మాట మానేశాడు, తర్వాత తిండి. కూర్చున్నచోటే వేలితో నేలను రెండుసార్లు కొట్టేవాడు. విని, మళ్ళీ కొట్టేవాడు.

ఆనాటి తొక్కలు పదకొండు బస్తాలు. బూజు పట్టాయని సూపర్‌వైజర్ పదింటిని బాయిలర్లో వేయించాడు. మర పక్క గంపలోంచి నింపిన పదకొండోదాని మీద వడకట్టే గుడ్డలు పరిచి, నెల పైగా దానిమీదే కూర్చుని కోడలు క్యారియర్ విప్పుకుంది. ఆ మాత్రం బుద్ధి దేవుడిచ్చాడు. విచారణకు ఆఫీసరు వచ్చేదాకా ఆగింది.

ఇవాళ ఆఫీసరు కలం తెరిచి పట్టుకున్నాడు. అత్తగారు బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుంది. కొడుకు ఆవిడ వెనక, గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు. నీళ్ళు ఎర్రబడుతున్నాయి.

"వేడి చాలదమ్మా, కాస్త పెంచు," అంటూ సూపర్‌వైజర్ ఆవిరి తిప్పే పిడి మీదికి చెయ్యి చాచాడు.

కోడలు పిడిని తన చేత్తో కప్పేసింది. "అరవై దాటితే సరుకు పాడని నాకు నేర్పింది మీరేనండీ."

తొట్టిలోంచి ముందు నవ్వులొచ్చాయి. చెప్పులీడ్చుకుంటూ ఆడవాళ్ళు వెళ్ళిన చప్పుడు. తర్వాత ఆ పిల్ల గొంతు, మర లోపలినుంచి: "అయిపోవచ్చిందండీ, మూల ఒక్కటే ఉంది."

"తెమలవే తల్లీ, ఎంతసేపు?" సూపర్‌వైజర్ గొంతు. ఆ వెంటే పళ్ళెం మీద తాళంచెవుల గుత్తి, ఠంగు, ఠంగు. తొందరపెట్టడానికి. అంతే. మర తిరిగింది.

తర్వాతది వినలేక ఆఫీసరు తల దించుకుని రాసుకున్నాడు. "అలవాటండీ... ఊరికే కొట్టాను..." అన్నాడు సూపర్‌వైజర్. అతని జేబులో తాళంచెవులు ఇంకా ఉన్నాయి.

అత్తగారు తొట్టి అంచు పట్టుకుని వంగింది. "ఇంకొక్కసారి అననీవే. మూల ఒక్కటే ఉంది అన్నదే, అది చాలు."

"ఒక్కసారేనత్తయ్యా," అంది కోడలు.

తొట్టిలో పిప్పి మూగగా అడుగుకు దిగిపోయింది.

మర్నాడు పొద్దున అత్తగారు అందరికన్నా ముందు లేచి వండింది. కంచం పెట్టి, "రారా," అంది. కొడుకు వచ్చి కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదోది నోటిదాకా వస్తుండగా ఆవిడ గరిటె గిన్నె అంచుకు తగిలింది, రెండుసార్లు.

అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆవిడ గరిటె పక్కన పెట్టేసి, మిగిలింది చేత్తోనే వడ్డించింది.