మూఢంలో మార్చుదామన్న బెల్టు

నేను ఒక రబ్బరు బెల్టును. నడుముకు పెట్టుకునేదాన్ని కాదు. డీజిల్ కారు ఇంజనుకు ఒక పక్కన, నల్లటి ప్లాస్టిక్ మూత వెనక, పళ్ల చక్రాలను చుట్టుకుని తిరిగేదాన్ని. టైమింగ్ బెల్టు అంటారు. కింద నుంచి పిస్టన్లు లేచే వేళకు పైన వాల్వులు తప్పుకుని దారివ్వాలి. ఆ వేళ తప్పకుండా చూడడమే నా పని. నేను తెగితే రెండూ ఢీకొంటాయి, ఇంజను అక్కడికక్కడే చస్తుంది.

మూత బయట ఇంకొక బెల్టు ఉండేది. ఏసీనీ ఛార్జింగునీ నడిపేది. కాస్త వదులైతే చాలు, పొద్దున్నే కీచుమని వీధంతా లేపేది. అందుకని అందరూ దాన్నే చూసేవారు. నాకు గొంతు లేదు. దాన్ని మనుషులు ఆరోగ్యం అనుకున్నారు.

ఏదో కర్మాగారంలో రబ్బరులో గట్టి దారాలు పొదిగి, వేడి అచ్చులో ఉడికించి నన్ను తీశారు. మొదటి యజమాని రోడ్ల కాంట్రాక్టరు. రాజమండ్రికీ విజయవాడకీ మధ్య ఆయన తిరగని రోజు లేదు. నన్ను మార్చాల్సిన దూరం దగ్గరపడుతుండగా, ఆ ఖర్చు ఎందుకని కారునే అమ్మేశాడు. కొన్న వ్యాపారి దాన్ని కడిగించి, ఇంజనుకు మెరుపు పూయించి, మీటరులో సగం దూరం తుడిపించాడు. దాంతో కారు వయసు తగ్గింది. నా వయసు తగ్గలేదు.

అప్పుడు వచ్చాడు భీమవరం భాస్కరం. మూతపడిన రైసు మిల్లులో సూపర్‌వైజరు. కారు కొని అద్దెకు తిప్పుకుందామని ఆశ. ఆశ వెనక ఒక కారణం ఉంది. మిల్లు మూతపడినప్పటి నుంచి ఆయన భార్య ఇందుమతి రొయ్యల ప్లాంటుకు వెళ్తోంది. పొద్దస్తమానం మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. ఆమె వేళ్లు తిమ్మిరెక్కి, జాకెట్టు హుక్కు కూడా పట్టుకోలేకపోతున్నాయి. ఆమెను ఆ పని మాన్పించాలి. భాస్కరానికి కావలసింది అదొక్కటే.

కారు చూడడానికి ఇందుమతి అన్న మృత్యుంజయం కూడా వచ్చాడు. చేపల చెరువుల మీద ఇంజన్లు చూసినవాడు. బయటి బెల్టును వేళ్లతో మెలితిప్పి అడుగున పగుళ్లు వెతికాడు, బొటనవేలితో నొక్కి బిగువు చూశాడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని ఇంజను దగ్గర చెవి పెట్టాడు.

"బంగారం బావా, బండి! కళ్లు మూసుకుని తీసేసుకో."

"కళ్లు నువ్వు మూసుకున్నావుగా, చాల్లే అన్నయ్యా," అంది ఇందుమతి. "ఆ నల్ల మూత వెనకాల ఏముంది?"

"టైమింగ్ బెల్టు. మీటరు చూడు, ఇంకా పసిది. ఏమన్నా చప్పుడొస్తోందా? లేదుగా!"

"చప్పుడు చెయ్యకపోతే బాగున్నట్టేనా? మీటరు ఇంత తక్కువైతే, ఈ పెడల్ మీద రబ్బరు నా పాత చెప్పులా అరిగిపోయిందేంటి?"

"ఇదిగో, ఇప్పుడు మా చెల్లెలు కూడా మెకానిక్కే!"

అందరూ నవ్వారు. వ్యాపారి అందరికంటే గట్టిగా నవ్వాడు.

పెళ్లిళ్ల కాలం. కారుకు తీరిక లేదు. ఇందుమతి ప్లాంటు మానేసింది. ఒకరోజు వెనక సీటు తుడుస్తూ, "ఇవాళ సూదిలో దారం ఎక్కించానండీ," అని చెప్పింది. భాస్కరం తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

ఆమె పోరుపడలేక చివరికి కారును మెకానిక్ ఖాసిం దగ్గరకు తీసుకెళ్లాడు. ఖాసిం మూత క్లిప్పులు తీసి లైటు వేశాడు. ఇన్నేళ్లలో నన్నొక మనిషి చూడడం అదే మొదలు. నా పళ్ల మొదళ్లలో పగుళ్లు, అంచున లేచిపోయిన దారాలు, సీలు కారి అంటుకున్న నూనె.

"భాస్కరంగారూ, ఇది ఇవాళో రేపో అన్నట్టుంది. బండి వదిలేసి వెళ్లండి. దీంతోపాటు బిగువు రోలరు కూడా మార్చాలి. ఆ సామాను ఏలూరు నుంచి రావాలి."

"వదిలేస్తే ఎలాగయ్యా? ముహూర్తాలన్నీ ఒప్పుకున్నాను. ఇంకెంత, మూఢం వచ్చేస్తోంది. మూఢంలో పెళ్లిళ్లుండవు, బండి ఇంటి దగ్గరే. తీరిగ్గా మార్చుదువుగానిలే."

ఇంటికొచ్చాక ఇందుమతి ఒకటే మాట అంది. "ఆ మాట బెల్టుకి చెప్పారా?"

"మాటిచ్చాక పెళ్లివాళ్లని నడిమధ్యలో వదిలేస్తే మళ్లీ మనల్ని ఎవరు పిలుస్తారే?"

అదీ నిజమే. అందుకే ఆమె ఇంకేం మాట్లాడలేదు. నాలాగే.

ఆనాటి నుంచి భాస్కరం ఏసీ వేయడం మానేశాడు, మెల్లగా నడిపాడు, బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. బయలుదేరే ముందు బానెట్ ఎత్తి, బయటి బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. నన్ను తాకడానికి వీల్లేదు కదా, అందుకే దాన్ని. నేను నా శాయశక్తులా పట్టుకున్నాను. రబ్బరుకు పంచాంగం తెలియదు.

మూఢానికి ముందు ఆఖరి ముహూర్తం. వెనక సీట్లో పెళ్లికొడుకు, అతని మేనమామ. ఉండి ఊరు దాటాక చేపల చెరువుల మధ్య నా పళ్లు వరుసగా ఊడిపోయాయి. ఆ వెంటనే తెగాను. పెద్ద చప్పుడేం లేదు. లోపల నాలుగైదు దెబ్బలు, ఆపైన నిశ్శబ్దం.

"ఏమయ్యా, పెళ్లికొడుకుని తెచ్చి చెరువు గట్టున నిలబెట్టావ్! నువ్వేం డ్రైవరువయ్యా?" అని మేనమామ అరిచాడు. పెళ్లికొడుకు రొయ్యల మేత వ్యానెక్కి, బస్తాల మీద కూర్చుని, బాసికం చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. ముహూర్తం తప్పలేదట. వెనక్కి తిరిగి చూసినవాళ్లు లేరు. భాస్కరం స్టీరింగు ముందు అలాగే కూర్చుండిపోయాడు.

ఖాసిం ఇంజను హెడ్డు విప్పి చూపించాడు. వాల్వులు వంగాయి, పిస్టన్లు చిట్లాయి. "బాగుచేసే కంటే ఇంకో బండి కొనుక్కోవడం నయం," అన్నాడు నేల చూస్తూ. భాస్కరం తల ఊపాడు. కారును విడిభాగాల కింద అమ్మేశారు. మృత్యుంజయం వచ్చి, "అప్పుడే అనుకున్నాను బావా, ఆ చప్పుడులో ఏదో తేడా ఉందని," అన్నాడు. ఇందుమతి ఆయనకు మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

నన్ను మాత్రం భాస్కరం జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. వాళ్ల గేటు గడియ ఎప్పుడో విరిగింది. ఇప్పుడు గేటునూ స్తంభాన్నీ కలిపి కట్టింది నేనే.

తెల్లవారకముందే రొయ్యల ప్లాంటు వ్యాను వీధి చివర హారను కొడుతుంది. ఇందుమతి వచ్చి నా ముడి విప్పబోతుంది. వేళ్లు పట్టవు. భాస్కరం వెనకాలే వచ్చి, విప్పి, దారిస్తాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. వ్యాను వెళ్లాక నన్ను మళ్లీ బిగించి కడతాడు. మెలితిప్పి పగుళ్లు చూస్తాడు. బొటనవేలితో నొక్కి బిగువు సరిచూస్తాడు. ఒక్కరోజూ మరిచిపోడు.