మలుపు దగ్గర ఒక గుక్క

మా మనవరాలు సముద్రం అవతల బండి నడుపుతోందని చెబితే కటింగ్ షాపులో ఎవరూ నమ్మలేదు. తప్పు వాళ్లది కాదు. చేప నాకే గాలం వేసి చెరువులోకి లాగిందని అంతకుముందు చెప్పిన నోరే కదా ఇది. కానీ బండి సంగతి నిజం.

మా వీధి చివర బట్టల కొట్టు పైన ఒక గది. అందులో కంప్యూటర్ తెరల ముందు వరసగా ఆడపిల్లలు. ఎక్కడో అవతలి దేశంలో, ఇళ్లకు సరుకులు చేర్చే చిన్న బండ్లు కాలిబాటల మీద తిరుగుతుంటాయి. వాటంతట అవే నడుస్తున్నాయని అక్కడి జనం ముచ్చటపడతారట. నడిపేది ఇక్కడ కూర్చున్న మా పిల్ల.

"ఏం డ్రైవరమ్మా, లైసెన్సుందా?" అని ఏడిపించేవాణ్ణి.

"ముందు నీ నోటికి తెచ్చుకో తాతయ్యా," అనేది.

ఆ పనిలో ఒక చిక్కుంది. అక్కడి బొమ్మ తెర మీదికి రెప్పపాటు ఆలస్యంగా వస్తుంది. అందుకని ప్రతి మలుపు దగ్గరా బండి ఆపి, ఒక గుక్క ఊపిరి బిగబట్టి, వదిలాకే కదిలించేవాళ్లు. ఎవరూ నేర్పలేదు. పిల్లలే కనిపెట్టుకున్నారు.

సూపర్‌వైజరుకు అది నచ్చలేదు. "మన బండ్లు నత్తల్లా ఉన్నాయంటున్నారు అవతలి కంపెనీవాళ్లు. ఆ గుక్కలు మానండి. లేకపోతే ఈ పని ఇంకో దేశానికి పోతుంది," అన్నాడు.

"ఎవరైనా అడ్డమొస్తే సార్?" అంది మా పిల్ల.

"నడిపేది నువ్వు. చూసుకోవాలి."

మానేసింది. ఆ వారమే ఒక మలుపులో బూడిదరంగు కోటు వేసుకున్న ముసలమ్మ పూలతో ఎదురొచ్చింది. మా పిల్ల బండి ఆపింది. తెర మీద ఆగేసరికి అక్కడ అంతా అయిపోయింది. రాళ్ల మీద పూలు, పక్కన ఊడిన బూటు. అంతలోనే తెర నల్లబడింది. అవతలివాళ్లు కట్టేశారు.

"ఆమె లేచిందా సార్?" అని అడిగితే, "ఇక నువ్వు ఇంటికెళ్లు," అన్నాడట.

మర్నాడు పిల్లను వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్లాను. సూపర్‌వైజరు మర్యాదస్తుడే, నాకు కుర్చీ వేశాడు.

"ఈ అమ్మాయి మా ఉద్యోగి కాదు పెద్దాయనా. సొంతంగా పని చేసుకునే మనిషి కింద లెక్క. తప్పు నడిపినవాళ్లదేనని అవతలివాళ్లు తేల్చేశారు."

"మరి నత్తలా నడపొద్దన్న నోరెవరిది బాబూ?"

అతను తలుపు వైపు చూశాడు.

"పని ఇవ్వమనట్లేదు సార్," అంది మా పిల్ల. "ఆమె ఎలా ఉందో కనుక్కోండి, చాలు."

"నాకూ చెప్పరమ్మా. రెండోసారి అడిగితే నన్నూ తీసేస్తారు."

ఆ గదిలో పిల్లలెవరూ మా వైపు తల తిప్పలేదు. తిప్పితే అవతల ఇంకో ముసలమ్మ.

అప్పటినుంచీ పిల్ల గుమ్మంలో కూర్చుంటోంది. దుకాణానికి పంపితే మా వీధి మలుపులో కూడా ఆగి నిలబడుతోంది.

నిన్న సాయంత్రం అడిగింది. "తాతయ్యా, ఆమె లేచి ఉంటుందా?"

"లేవకేం? లేచి, చేతిసంచితో బండి వీపు మీద నాలుగు బాదింది. బండి కుయ్యోమంటూ పారిపోతే వీధి చివరిదాకా తరిమింది."

"బూటు ఊడిపోయింది తాతయ్యా."

"ఒంటికాలి బూటుతోనే తరిమింది. తర్వాత పూలు ఏరుకుని..."

"నలిగిపోయాయి. నేను చూశాను."

"సరే, కొత్తవి కొనుక్కుంది."

నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది.

"అలా కాదు. మొదటినుంచి చెప్పు," అంది. "నేను ఆగినట్టు చెప్పు."

ఇన్నేళ్లుగా ఎన్ని కోతలు కోశానో నాకే తెలియదు. ఈ ఒక్కటి మాత్రం వీధి మలుపు వైపు చూస్తూ మొదలుపెట్టాను.

"మలుపు దగ్గర బండి ఆగింది," అన్నాను.

పిల్ల ఊపిరి బిగబట్టింది.